బాబాయి గిటార్, రేడియో వాల్యూమ్ కంట్రోల్

గిటార్ మెడ శరీరంతో కలిసే చోట, వెనకవైపు, నాలుగు స్క్రూలతో బిగించిన చిన్న ఉక్కు పలక ఒకటి ఉంటుంది. మా బాబాయి గిటార్ పలక మీద 'స్టీల్ రీయిన్‌ఫోర్స్‌డ్ నెక్' అనీ, దాని కింద 'మేడ్ ఇన్ జపాన్' అనీ చెక్కి ఉంటుంది. తల మీద ఉండవలసిన కంపెనీ పేరు నాకు ఊహ తెలిసేనాటికే చెరిగిపోయింది. చూడడానికి అచ్చం అమెరికా కంపెనీ గిబ్సన్ చేసే లెస్ పాల్ అనే గిటార్. అంచుల్లో ముదురు ఎరుపు, మధ్యకు వచ్చేసరికి తేనె రంగు, తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే రెండు పికప్‌లు, నాలుగు నాబ్‌లు, పైభాగాన పికప్ మార్చుకునే స్విచ్. కానీ అసలు విషయం చెప్పడానికి ఆ నాలుగు స్క్రూలు చాలు. గిబ్సన్ వాళ్ళు లెస్ పాల్ మెడను శరీరంలోకి దిగవేసి జిగురుతో అతికిస్తారు, స్క్రూలు పెట్టరు. బాబాయిది నకలు.

నకలు అని తెలిసినా మా ఇంట్లో దాన్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు. నేను ఇప్పటికీ చూడను. ఈమధ్య దాన్ని విప్పి, లోపలి తీగలన్నీ మార్చి, మళ్ళీ పలికించే పని నా చేతికి వచ్చింది. ఆ పనిలో తెలిసిన సంగతులూ, దాని చుట్టూ ఉన్న జ్ఞాపకాలూ ఒకచోట రాసి పెట్టాలనిపించింది.

ముందు ఈ నకళ్ళ కథ కొంత చెప్పాలి. లెస్ పాల్ గిటార్‌ను గిబ్సన్ 1952లో తెచ్చింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో వాళ్ళ కార్ఖానా ఉండేది. 1958 నుంచి 1960 దాకా చేసిన సన్‌బర్స్ట్ రంగు గిటార్లు ఈనాడు ఇళ్ళ ధరలు పలుకుతున్నాయి గానీ, ఆ రోజుల్లో వాటిని కొనేవాళ్ళు అంతగా లేరు. 1961లో కంపెనీ ఆ ఆకారాన్నే పక్కన పెట్టి, రెండు కొమ్ములున్న పలచని నమూనాకు మారింది. తీరా మానేశాక ఇంగ్లండులో బ్లూస్ వాయించే కుర్రాళ్ళు పాత లెస్ పాల్‌లు వెతికి పట్టుకుని, ఆంప్లిఫయర్‌ను గట్టిగా పెంచి వాయించేసరికి అందరికీ అదే కావలసి వచ్చింది. 1968లో గిబ్సన్ మళ్ళీ మొదలుపెట్టింది. అప్పటికే గిరాకీ ఎక్కువ, సరుకు తక్కువ. జపాన్ కార్ఖానాలు రంగంలోకి దిగింది ఆ సమయంలోనే.

జపాన్‌లోని నగానో ప్రాంతంలో మత్సుమొతో అనే ఊరు ఉంది. చుట్టూ కొండలు, చెక్కపనికి పేరు. 1960లో పుట్టిన ఫుజిగెన్ అనే కంపెనీ అక్కడిదే. కుట్టు మిషన్లకు చెక్క పెట్టెలు చేసిన 'మత్సుమోకు' కంపెనీ కూడా అక్కడిదే. వీళ్ళు గిటార్లు తయారుచేస్తే, అమ్మకం కంపెనీలు వాటి మీద తమ పేర్లు వేసుకునేవి. ఐబానెజ్, గ్రెకో, ఆరియా అని ఎన్నో పేర్లు. ఒకే కార్ఖానా బల్ల మీద తయారైన గిటార్లు వేర్వేరు దేశాల్లో వేర్వేరు పేర్లతో అమ్ముడయ్యాయి. అందుకే బాబాయి గిటార్ మీద పేరు చెరిగిపోయిందని నేను ఎన్నడూ దిగులుపడలేదు. పేరు మిగిలి ఉన్నా అది అమ్మినవాడి పేరే అయ్యేది, చేసినవాడిది కాదు.

ఆ నకళ్ళను ఇప్పుడు 'లాసూట్ గిటార్లు', అంటే దావా గిటార్లు, అని పిలిచి మంచి ధరలకు అమ్ముతున్నారు. ఈ పిలుపు నాకు నచ్చదు. 1977లో గిబ్సన్ యాజమాన్య సంస్థ నార్లిన్, ఐబానెజ్‌ను అమెరికాలో అమ్మే ఎల్గర్ అనే కంపెనీ మీద దావా వేసిన మాట నిజమే. కానీ ఆ గొడవ గిటార్ తల ఆకారం గురించి. దావా పడేనాటికే ఐబానెజ్ ఆ ఆకారాన్ని మార్చేసింది. చివరికి తీర్పు దాకా వెళ్ళకుండా రాజీ కుదిరింది. ఒక కంపెనీ తల మీద నడిచిన తగాదాను ఆ దశాబ్దంలో పుట్టిన ప్రతి జపాన్ గిటార్‌కూ తగిలించి అమ్ముకోవడం వ్యాపారం తప్ప చరిత్ర కాదు. ఆ గిటార్ల గొప్పతనం అవి కోర్టుకెక్కడంలో లేదు. కలమజూ గిటార్ కొనే స్తోమత ఈ జన్మలో రాని వేలమంది చేతుల్లోకి అవి వచ్చాయి. వాళ్ళలో మా బాబాయి ఒకడు.

విశాఖపట్నానికి అది ఓడలో వచ్చింది. 1960ల చివరినుంచీ బస్తర్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండోల్ రైలు మార్గం మీదుగా మా రేవుకు చేరి, ఇక్కడ ఓడలకెక్కి జపాన్ వెళ్ళేది. ఆ రైలు మార్గం వేసిందే ఆ ఎగుమతి కోసం. బాబాయి రేవులో గుమాస్తా. సాయంత్రాలు విశాఖ పాత టౌనులో ఒక ఆంగ్లో ఇండియన్ మాస్టారి దగ్గర గిటార్ నేర్చుకునేవాడు. మామూలు గిటార్ మీద చెయ్యి కుదిరాక ఎలక్ట్రిక్ గిటార్ కావాలనే కోరిక పట్టుకుంది. విదేశీ వస్తువులు దుకాణాల్లో దొరకని రోజులవి. ఖనిజం కోసం వచ్చిన ఒక ఓడలో పనిచేసే ఆయన తన గిటార్ అమ్ముతున్నాడని తెలిసి, అప్పటిదాకా దాచుకున్నదంతా తీసుకెళ్ళి కొన్నాడు. మా నాయనమ్మ వారం రోజులు మాట్లాడలేదట. మెడ మీది ఉక్కు పలకను చూసినప్పుడల్లా, ఇక్కడినుంచి రాయిగా వెళ్ళి పలకగా తిరిగి వచ్చిందని ఊహించుకోవడం నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం.

దానితో బాబాయి ఒక ఆర్కెస్ట్రాలో చేరాడు. శ్రీరామనవమి పందిళ్ళు, దసరా ఉత్సవాలు, అనకాపల్లి నూకాలమ్మ జాతర, విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండుగ. ఏటా ఇదే తిరుగుడు. పందిట్లో పానకం, వడపప్పు పంచడం అయ్యాక, హరికథో బుర్రకథో ముగిశాక, రాత్రి పది దాటిన తరువాత పాట కచేరీ మొదలయ్యేది. ముందు వినాయకుడి పాట, తరువాత కొత్త సినిమా పాటలు, నడిజాములో పాతవి. తబలా, డోలక్, ట్రిపుల్ కాంగో, అకార్డియన్, క్లారినెట్, ఒక కాంబో ఆర్గన్. వీటి మధ్య ఎర్రగా మెరుస్తూ బాబాయి గిటార్. అప్పట్లో దానికని వేరే ఆంప్లిఫయర్ లేదు. మైకుల వాళ్ళు తెచ్చిన అహూజా ఆంప్లిఫయర్‌కే ఒక తీగ లాగి కలిపేవారు. వేప చెట్టుకు కట్టిన లౌడ్ స్పీకర్ కోన్లలోంచి గిటార్, గాయని గొంతు, అకార్డియన్ అన్నీ ఒకే ముద్దగా వచ్చేవి. అయినా ఆ ముద్దలో గిటార్‌ను నేను విడిగా వినగలిగేవాణ్ణి.

వేగంగా నడిచే పాటలకు బాబాయి, తీగల కింది కొస ఆనే బ్రిడ్జి వైపు పికప్ పెట్టి చురుగ్గా మీటేవాడు. నెమ్మది పాటలకు స్విచ్‌ను మెడ వైపు పికప్‌కు తిప్పి, టోన్ నాబ్‌ను దాదాపు చివరిదాకా తగ్గించేవాడు. అప్పుడు వచ్చే నాదంలో అంచులుండేవి కావు. గుండ్రంగా, బరువుగా, కాస్త మసకగా ఉండేది. పాట మధ్యలో వయొలిన్లు రావలసిన చోట్ల, వయొలిన్లు లేవు గనుక, బాబాయి ఆ నాదంతోనే నడిపించేవాడు. ముందు వరసలో చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు నిద్రపోతున్న పిల్లల్ని ఒళ్ళో సర్దుకుంటూ కదలకుండా వినేవారు. ఆ నాదం ఆ తరువాత నేను ఏ రికార్డులోనూ వినలేదు. ఎందుకు వినలేదో గిటార్ విప్పాకే తెలిసింది.

మరొకటి కూడా నాకు ఎప్పటికీ అంతుపట్టేది కాదు. పాట అయిపోయాక మెడ పికప్ వాల్యూమ్ నాబ్‌ను సున్నాకు తిప్పితే 'టక్' అనేది. మా ఇంట్లో వాల్వ్ రేడియో కట్టినప్పుడు వచ్చే టక్కే. ఇంకెవరి గిటార్ అలా అనేది కాదు. అడిగితే బాబాయి నవ్వి ఊరుకునేవాడు.

1980ల చివరికి జపాన్ నుంచే కీబోర్డులు వచ్చాయి. ఒక్క కీబోర్డు నాలుగు వాయిద్యాల పని చేసేది. ఆర్కెస్ట్రాలో మనుషులు తగ్గారు. ఆ తరువాత ట్రాకులు పెట్టి పాడడం వచ్చింది. బాబాయి ఎవరినీ తిట్టుకోలేదు. పెట్టెలో గిటార్ పెట్టి అటక మీద పెట్టించాడు. పోయేదాకా దాన్ని దించమని అడగలేదు. ఆయన పోయాక, ఇల్లు ఖాళీ చేసే సమయంలో పిన్ని నాకు ఫోను చేసింది. "నాన్నా, మీ బాబాయి గిటార్ పెట్టె ఉంది. పాత సామాన్ల వాడికి వెయ్యడానికి చేతులు రావడం లేదు. నీకు ఇవన్నీ తెలుసు కదా, వచ్చి తీసుకెళ్ళు" అంది.

విశాఖ గాలిలో ఉప్పు ఉంటుంది. అటక మీద అన్నేళ్ళు ఉన్న గిటార్ ఎలా ఉంటుందో ఊహించుకునే వెళ్ళాను. తీగలు తుప్పు పట్టి మెట్లకు అతుక్కుపోయాయి. బ్రిడ్జి స్క్రూలు తిరగడం లేదు. తెల్లగా ఉండవలసిన అంచు పట్టీ పసుపు ముదిరిపోయింది. పైపూత మాత్రం చెక్కుచెదరలేదు. ఆ కాలపు జపాన్ గిటార్లకు మందమైన పాలిస్టర్ పూత వేసేవారు. దాన్ని తడిగుడ్డతో తుడిస్తే చాలు, తేనె రంగు బయటపడింది. మధ్యలో వేలితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. పైకి ఉబ్బెత్తుగా కనిపించేది ప్లైవుడ్ పలక, దాని కింద ఖాళీ. అసలుదానిలా మహాగని మీద మేపుల్ అతికించిన గట్టి దిమ్మ కాదు. బరువు తక్కువ ఉండడానికీ, రాత్రంతా భుజాన వేసుకుని నిలబడినా బాబాయికి నడుం నొప్పి రాకపోవడానికీ అదే కారణం.

ఇంటికి తెచ్చాక వెనక మూత తీశాను. ఇక్కడినుంచి నేను గిటార్‌ను బాగుచేయడం పక్కన పెట్టి, ఒక మనిషి చేతి పనిని చదవడం మొదలుపెట్టాను.

లోపల నాలుగు కంట్రోళ్ళు ఉండాలి, పికప్‌కు ఒక వాల్యూమ్, ఒక టోన్ చొప్పున. మూడు ఒకే రకంగా, చిన్నవిగా, జపాన్‌వి. నాలుగోది వాటికి రెట్టింపు లోతు ఉంది. దాని వెనక డబ్బీలాంటి భాగం, దానికి వాడకుండా వదిలేసిన రెండు కాళ్ళు. ఆ డబ్బీ రేడియో స్విచ్. అది వాల్వ్ రేడియో వాల్యూమ్ కంట్రోల్, కరెంటు కట్టే స్విచ్‌తో సహా తీసి గిటార్‌లో బిగించారు! ఆ టక్ అక్కడినుంచి వచ్చేది. పికప్ వాల్యూమ్ కంట్రోల్ పాడైపోయినప్పుడు బాబాయి దాన్ని మా వీధి చివర రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి ఉంటాడు. అప్పట్లో వేరే దారి లేదు.

ఇది చేతికందిన ముక్కేదో తగిలించిన పని కాదు. గిటార్ పికప్ చాలా బలహీనమైన సంకేతం ఇస్తుంది. దానికి 500 కిలో ఓముల స్థాయి కంట్రోల్ ఉండాలి. ట్రాన్సిస్టర్ రేడియోల వాల్యూమ్ కంట్రోళ్ళు ఐదో పదో కిలో ఓములు ఉంటాయి. అది పెడితే పికప్ గొంతు నొక్కేసినట్టే. వాల్వ్ రేడియోల్లో మాత్రం అర మెగా ఓము, ఒక మెగా ఓము కంట్రోళ్ళు వాడేవారు. మీటరు పెట్టి చూస్తే ఇది అర మెగా ఓము, అంటే ఆ 500 కిలో ఓములే. అంటే ఆయన దుకాణంలో కుప్పలుగా పడి ఉండే ట్రాన్సిస్టర్ ముక్కల్ని కాదని, వెతికి, సరిగ్గా కావలసినదే తీసి పెట్టాడు. ఆయన అంతకుముందు ఎలక్ట్రిక్ గిటార్ లోపలి భాగం చూసి ఉండే అవకాశం దాదాపు లేదు. టంకం పెట్టిన చోట్లు ఇప్పటికీ నున్నగా మెరుస్తున్నాయి. తీగను కాలికి ఒక చుట్టు చుట్టి, బిగించి, అప్పుడు టంకం వేశాడు. ఊడే ప్రసక్తే లేదు.

రెండో సంగతి ఎర్త్ తీగ. ఇలాంటి గిటార్లలో తీగలు కట్టే లోహపు పట్టీ నుంచి ఒక వైరు లోపలికి వచ్చి కంట్రోళ్ళ వీపులకు కలుస్తుంది. వాయించేవాడి ఒళ్ళు చుట్టూ ఉన్న కరెంటు గుయ్యిమనే శబ్దాన్ని పట్టి పికప్‌కు అందిస్తుంది. వేళ్ళు తీగలకు తగలగానే ఆ శబ్దం ఎర్త్‌లోకి పోయి తగ్గుతుంది. బాబాయి గిటార్‌లో ఈ వైరు కలిసి లేదు. మొదట ఊడిందేమో అనిపిస్తుంది. కానీ చివర చక్కగా కత్తిరించి, దాని మీద గుడ్డ టేపు చుట్టి, పక్కకు మడిచి పెట్టి ఉంది. ఎవరో కావాలని చేసిన పని.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. పందిళ్ళలో కరెంటు దగ్గరి స్తంభం నుంచి లాగేవారు, రెండు పిన్నుల ప్లగ్గులు, ఎర్త్ మాటే లేదు. నేల మీద నీళ్ళు చల్లి ఉండేవి. పాడేవాళ్ళ పెదవులు మైకుకు తగిలితే జిల్లుమనేది. అందుకే కొందరు మైకు మీద జేబురుమాలు కప్పి పాడేవారు. గిటార్ తీగలు ఆంప్లిఫయర్ రేకు పెట్టెకు కలిసి ఉంటే, ఆ పెట్టెలోకి లీకైన కరెంటు నేరుగా బాబాయి వేళ్ళలోకి వస్తుంది. కాళ్ళు తడి నేలకు ఆనితే అంతే సంగతులు. విదేశాల్లో వేదిక మీదే ఇలా ప్రాణాలు పోగొట్టుకున్న గిటార్ వాద్యకారులున్నారు. గుయ్యిమనే శబ్దం కాస్త ఎక్కువైనా పరవాలేదు, మనిషి బాగుండాలని మెకానిక్ ఆ వైరు తెంచేశాడు. అది చూసి చాలాసేపు పని ముట్టుకోలేకపోయాను. ఆయన ఎప్పుడో పోయారు. దుకాణం ఉన్న చోట ఇప్పుడు ఫోన్ల కొట్టు ఉంది.

మూడోది కండెన్సర్. టోన్ కంట్రోల్‌కు ఒక కండెన్సర్ ఉంటుంది. నాబ్ తగ్గించే కొద్దీ అది పదునైన స్వరాలను ఎర్త్‌లోకి పంపేస్తుంది. ఈ తరహా గిటార్లలో సాధారణంగా 0.022 మైక్రోఫారడ్ వాడతారు. బ్రిడ్జి వైపు టోన్‌కు అదే ఉంది, చిన్న గోధుమరంగు బిళ్ళ, దాని మీద 223 అని అంకెలు. మెడ వైపు టోన్‌కు మాత్రం పసుపు రంగు లావుపాటి కండెన్సర్, విలువ 0.1. రేడియోలోంచి తీసిందే. అంత పెద్ద విలువ పెడితే, నాబ్ చివరికి తగ్గించినప్పుడు స్వరం పదును పూర్తిగా పోయి, కిందిభాగం మాత్రం మిగులుతుంది. నెమ్మది పాటల్లో నేను విన్న ఆ గుండ్రటి, మసక నాదం ఇదే! పుస్తకం ప్రకారం చూస్తే అది తప్పు విలువ. మరమ్మతు తెలిసిన మిత్రుడొకడు వెంటనే తీసేసి 0.022 పెట్టమన్నాడు. పనిలో పనిగా పికప్‌లు కూడా మంచివి కొని బిగించమన్నాడు. నేను ఒప్పుకోలేదు. లోకానికి అది కలమజూ గిటార్ నకలు కావచ్చు. కానీ మా ఊరి పందిళ్ళలో వినిపించిన నాదానికి అదే అసలుది. మెరుగుపరిస్తే ఆ అసలుది పోతుంది. ఆ పసుపు కండెన్సర్‌ను మీటరుతో కొలిచి, లీకేజీ లేదని చూసుకుని, ఉన్నచోటనే ఉంచాను.

పికప్‌ల విషయమూ అంతే. గిబ్సన్‌లో పనిచేసిన సేత్ లవర్ 1955లో హంబకర్ పికప్‌కు పేటెంటు దరఖాస్తు పెట్టాడు, 1959లో అది మంజూరైంది. రెండు కాయిల్స్‌ను ఒకదానికొకటి ఎదురుగా కలిపి, గుయ్యిమనే శబ్దాన్ని రద్దు చేయడం దాని కిటుకు. బాబాయి గిటార్ పికప్‌ల లోహపు కవర్లు చూస్తే హంబకర్లే అనిపిస్తాయి. కవరు తీస్తే లోపల ఉన్నది ఒక్కటే కాయిల్. కవరు వెడల్పులో సగం ఖాళీ. ఆ కాలపు చవక నకళ్ళలో ఇది మామూలే. అందుకే దాని గొంతు సహజంగా సన్నగా, చురుగ్గా ఉంటుంది. ఆ సన్నదనాన్ని లావు చేయడానికే మెకానిక్ పెద్ద కండెన్సర్ పెట్టాడని నా నమ్మకం.

మెడ పికప్ చచ్చిపోయి ఉంది. మీటరు ముల్లు కదల్లేదు. కాయిల్‌లో తీగ ఎక్కడో తెగిందన్నమాట. మళ్ళీ చుట్టవలసి వస్తుందేమోనని కోఠీ గుజరాతీ గల్లీలో వైండింగ్ వైరు కోసం అడిగి పెట్టుకున్నాను. అక్కడ ఒక మెలిక ఉంది. పికప్‌లు చుట్టేవాళ్ళు 42 నంబరు వైరు అంటారు. అది అమెరికా లెక్క, మందం మిల్లీమీటరులో 0.063 వంతు. మన దుకాణాల్లో 42 అడిగితే ఇంగ్లండు లెక్క ప్రకారం 0.1 మిల్లీమీటరు వైరు ఇస్తారు. మనకు కావలసింది ఇక్కడి 46 నంబరుకు దగ్గరగా ఉంటుంది. దుకాణం పెద్దాయన అడగకుండానే ఈ సంగతి చెప్పి, మైక్రోమీటరుతో కొలిచి చూపించారు.

చివరికి ఆ వైరు అవసరం పడలేదు. కాయిల్ మీది కాగితం టేపును వేడిగాలితో మెత్తబరిచి మెల్లగా ఒలిచాను. భూతద్దం కింద చూస్తే, కాయిల్ బయటి కొస లావుపాటి వైరుకు కలిసే చోట ఆకుపచ్చని చిలుము చుక్క. ఉప్పుగాలి లోపలికి దూరి సరిగ్గా అక్కడ తీగను తినేసింది. మిగతా కాయిల్ రాగి రంగులో కొత్తదానిలా ఉంది. సన్నని పుల్లకు మైనం పూసి దానితో కొసను పైకి లేపాను. చిలుము పట్టిన మేర తుంచి, ఒక చుట్టు విప్పితే శుభ్రమైన తీగ దొరికింది. వెంట్రుకలాంటి ఆ తీగ మీది పూతను అతి సన్నని ఎమరీ కాగితం మడతలో పెట్టి, బరువు లేకుండా లాగాలి. కొంచెం ఎక్కువ నొక్కితే తెగుతుంది. ఫ్యాను ఆపేశాను, ఊపిరి కూడా పక్కకు వదిలాను. కొసకు టంకం పట్టి వెండిలా మెరిసింది. కొత్త వైరుకు కలిపి, మీటరు పెడితే ఆరు కిలో ఓములకు కాస్త పైన చూపించింది. రెండో పికప్ విలువ కూడా దాదాపు అంతే. కొత్త టేపు చుట్టి మూసేశాను.

తరువాత లోపలి వైర్ల పని. జపాన్ వైర్ల ప్లాస్టిక్ తొడుగు గట్టిపడి, వంచితే పెళుసుగా విరుగుతోంది. షీల్డు అల్లిక నల్లబడింది. వాటన్నిటినీ తీసేసి కొత్త షీల్డు వైరు వేశాను. పికప్‌ల నుంచి వాల్యూమ్‌లకు, అక్కడినుంచి పై స్విచ్‌కు, స్విచ్ నుంచి జాక్‌కు. స్విచ్ రేకుల మధ్య స్పిరిట్‌తో తడిపిన గట్టి కాగితం పెట్టి లాగితే నలుపంతా వచ్చేసింది. జాక్ స్ప్రింగు వదులైపోయింది, కొత్తది వేశాను. బ్రిడ్జి వాల్యూమ్ కంట్రోల్ కార్బన్ అరిగిపోయి అసలు పలకడం లేదు గనుక దాన్ని మార్చక తప్పలేదు. రేడియో కంట్రోల్‌లో క్లీనర్ చుక్కలు వేసి అటూ ఇటూ తిప్పితే గరగర పోయింది. టక్ అలాగే ఉంది. ఎర్త్ వైరును మాత్రం తిరిగి కలిపాను. ఇప్పుడు ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్త్ ఉన్నాయి. బయట ఎక్కడైనా వాయిస్తే ముందు టెస్టరుతో చూడకుండా తీగ ముట్టుకోవడం లేదు.

తీగలు మెడ మీదికి దిగే చోట ఉండే ప్లాస్టిక్ పట్టీ, వీణకు మేరువులాంటిది, పగిలి ఉంది. విజయనగరం వెళ్ళినప్పుడు గిటార్‌ను బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి తీసుకెళ్ళాను. పనస దుంగను తొలిచి ఒకే చెక్కతో ఏకాండి వీణలు చేసే ఊరు అది. అక్కడ ఒక పెద్దాయన గిటార్‌ను తిప్పి చూసి, ప్లైవుడ్ మీద వేలితో తట్టి, మెడ స్క్రూలు చూశారు. ఒకే దుంగతో పనిచేసే మనిషి దీన్ని ఏమంటారోనని చూస్తున్నాను. "మెట్లు చాలా తిన్నగా కొట్టారండి. చెయ్యి తిరిగినవాడు" అన్నారు. వీణ మెట్లను మైనంలో నిలిపి శ్రుతి చూసుకుంటూ జరుపుతారు. గిటార్ మెట్లను గాడిలో కొట్టేస్తారు, తరువాత జరపడానికి వీలుండదు. ఆ తేడా తెలిసిన మనిషి కాబట్టే ఆ మాట అనగలిగారు. ఎముక ముక్కను అరగదీసి, ఆరు గాడులూ తీగల మందానికి తగ్గట్టు ఆకురాయితో తీసి పెట్టారు. మెడలోని ఉక్కు కడ్డీని పావు తిప్పు చొప్పున బిగించి, రాత్రంతా వదిలి, మర్నాడు మళ్ళీ చూసుకుంటూ మెడను దారికి తెచ్చుకున్నాను.

తీగలు కట్టి, పిన్నీ వాళ్ళ కొత్త ఇంటికి తీసుకెళ్ళి, చిన్న ఆంప్లిఫయర్‌కు కలిపాను. నేను బాబాయిలా వాయించలేను. నెమ్మది పాట ఒకటి, మెడ పికప్, టోన్ కిందికి. పిన్ని వంటింట్లోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి విన్నది. "మీ బాబాయి ఆ రెండో చరణం దగ్గర ఇంకాస్త సాగదీసేవారు" అని, ఎక్కడ సాగదీసేవారో పాడి చూపించింది. అన్నేళ్ళూ వంటింట్లోంచి ఆమె ఎంత శ్రద్ధగా విన్నదో నాకు ఆ రోజే తెలిసింది. ఆమె పాడిన చోటల్లా నేను వెతుక్కుంటూ వాయించాను. మధ్యాహ్నం భోజనం సాయంత్రం అయింది.

ఇప్పుడు ఆ గిటార్‌ను పిన్ని మనవడు వాయిస్తున్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, కాలేజీలో బ్యాండు ఉంది. వాడికీ పికప్‌లు మార్చాలనే కోరిక మొదలైంది. వాడి వయసుకు అది సహజమే. కావాలంటే కొత్త గిటార్ కొనిస్తానని చెప్పాను. ఎందుకైనా మంచిదని, వైరింగ్ బొమ్మ గీసి, లామినేషన్ చేయించి, వెనక మూత లోపల అతికించాను. ఏ వైరు ఎక్కడికి వెళుతుందో, ఏ కంట్రోల్ ఏ సంవత్సరం మార్చానో అందులో ఉంది. పసుపు కండెన్సర్ పక్కన బాణం గీసి, '0.1, రేడియో మెకానిక్ గారు పెట్టినది, పనిచేస్తున్నంతకాలం తీయవద్దు' అని రాశాను. రేడియో కంట్రోల్‌కు అలాంటిదే ఇంకొకటి గుజరాతీ గల్లీలో పాత సామాన్ల కొట్టులో దొరికితే, కొని ఒక పొట్లంలో కట్టి గిటార్ పెట్టెలో పెట్టాను. అది కూడా అర మెగా ఓమే, స్విచ్‌తో సహా.